వానాకాలంలో అంటుకుపోతున్న అల్లం బిళ్ళలు: పౌచ్ మార్చాలా, పాకం మార్చాలా?

ప్రశ్న: మాది అనకాపల్లి. అక్కచెల్లెళ్ళం ఇద్దరం కలిసి బెల్లం, అల్లం రసం, కొద్దిగా నిమ్మరసంతో గట్టి బిళ్ళలు చేసి, కిటికీ ఉన్న గోధుమరంగు కాగితపు జిప్ పౌచ్‌లలో వంద గ్రాముల చొప్పున నింపి విశాఖపట్నం దుకాణాలకు వేస్తున్నాం. వేసవిలో పెద్దగా ఫిర్యాదులు లేవు గాని, జూలై నుంచి బిళ్ళలు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతున్నాయని దుకాణాలవాళ్ళు వెనక్కి ఇస్తున్నారు. ఇప్పుడు ఐదు రూపాయలకు రెండు బిళ్ళలు ఉండే పది గ్రాముల చిన్న ప్యాకెట్ కూడా తేవాలనుకుంటున్నాం. మందు బిళ్ళల మాదిరిగా బ్లిస్టర్‌లో వేస్తే దగ్గు బిళ్ళలుగా బాగా పోతాయని పౌచ్‌లు అమ్మే ఆయన అంటున్నారు. ఎలాంటి ఫిల్మ్ వాడాలి? జిప్ ఉంచాలా? ప్రింటింగ్ సిలిండర్లకు అడ్వాన్స్ కట్టేముందు మీ సలహా కావాలి.

సమాధానం: సిలిండర్లకు అడ్వాన్స్ ఇప్పుడే కట్టవద్దు. మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సమస్యలు ఒకటిగా కలిసి కనిపిస్తున్నాయి. మీ బిళ్ళ గాలిలోని తేమను గట్టిగా లాగే రకం. మీరు వాడుతున్న పౌచ్ ఆ తేమను ఆపలేని రకం. మీరు తేదలచిన చిన్న ప్యాకెట్ ఈ రెండు లోపాలనూ మరింత పెంచే రకం. వీటిని ఈ వరుసలోనే చూడాలి, ఎందుకంటే పాకంలో సరిదిద్దగలిగిన దాన్ని ఫిల్మ్‌తో సరిదిద్దబోతే ఖర్చు రెట్టింపై ఫలితం సగమే దక్కుతుంది.

గట్టి బిళ్ళ అంటే బాగా మరిగించిన పాకం స్ఫటికాలు కట్టకుండా చల్లారి, గాజులా బిగుసుకున్న పదార్థం. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వరకు పాకం పట్టినప్పుడు అందులో రెండు మూడు శాతం నీరు మాత్రమే మిగులుతుంది. ఈ గాజు స్థితిలో ఉన్న చక్కెర చుట్టూ గాలిలో తేమ 30 శాతం దాటితే చాలు, నీటిని లాగడం మొదలుపెడుతుంది. అదే చక్కెర స్ఫటికంగా ఉన్నప్పుడు గాలిలో తేమ 85 శాతం దరిదాపులకు వచ్చేదాకా పొడిగానే ఉంటుంది. మన ఇళ్ళలో పంచదారతో చేసి, గింజ కట్టాక ముక్కలు కోసే అల్లం మొరబ్బా స్టీలు డబ్బాలో చాలాకాలం నిలవడానికీ, మీ నున్నని బిళ్ళ వారంలో చెమ్మగిల్లడానికీ ప్రధాన కారణం ఇదే. నీరు ఒక్కో శాతం పెరిగినకొద్దీ బిళ్ళ మెత్తబడే ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీల చొప్పున కిందికి దిగుతుంది. అది గది ఉష్ణోగ్రతకు చేరిన రోజున బిళ్ళలు ఒకదానికొకటి అంటుకుంటాయి.

మీ విషయంలో బెల్లం, నిమ్మరసం కలిసి ఈ ఇబ్బందిని పెంచుతున్నాయి. బెల్లంలో సహజంగానే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కొంత ఉంటాయి. పులుపుతో కలిపి మరిగిస్తే మిగిలిన చక్కెరలో కూడా కొంత భాగం విడిపోయి ఆ రెండుగానే మారుతుంది. వీటిలో ఫ్రక్టోజ్‌కు తేమను లాగే గుణం మరీ ఎక్కువ, స్ఫటికంగా ఉన్నప్పుడు కూడా గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే అది కరగడం మొదలవుతుంది. అందువల్ల నిమ్మరసాన్ని పాకంతో పాటు మరిగించడం మానాలి. పులుపు తప్పనిసరి అనుకుంటే పాకం దించి కొంత వేడి తగ్గిన తర్వాత నిమ్మ ఉప్పును తగినంత కలపండి. అప్పుడు నిమ్మరసంతో వచ్చే అదనపు నీరు కూడా ఉండదు. బెల్లంలో కొంత భాగానికి బదులుగా పంచదార వాడి, కావాలనే పైపొరలో గింజ కట్టనివ్వడం రెండో మార్గం. అలా చేస్తే బిళ్ళ నునుపు తగ్గుతుంది గాని తేమకు తట్టుకునే శక్తి పెరుగుతుంది. రుచి మీద మీకున్న పట్టు నాకు లేదు కనుక ఎంత మార్చాలో మీరే నిర్ణయించుకోవాలి. మార్చినదాన్ని మాత్రం పదార్థాల జాబితాలో తప్పక చూపించాలి.

ప్యాకింగ్ గది సంగతి మీరు రాయలేదు. రాత్రి పోసిన బిళ్ళలను పళ్ళేల్లో ఆరబెట్టి మర్నాడు నింపుతున్నట్లయితే, మీ సరుకు పౌచ్‌లోకి వెళ్ళకముందే చెడిపోతోందని భావించవచ్చు. ఆగస్టు నెల రాత్రి గాలిలో ఆరబెట్టిన గట్టి బిళ్ళ ఆరదు, తడుస్తుంది. ఏసీ ఉన్న చిన్న గది ఒకటి ఇందుకోసం కేటాయించి, గోడకు తేమను చూపే చిన్న డిజిటల్ మీటరు తగిలించి, అది 45 శాతానికి లోపల ఉన్నప్పుడే బిళ్ళలను అచ్చుల నుంచి తీసి, గది వేడికి చల్లారిన వెంటనే నింపి సీలు వేయండి. ఆ మీటరుకు అయ్యే కొద్ది వందల రూపాయలు మీరు ఈ సంవత్సరం పెట్టే ఖర్చులన్నిటిలోకీ ఎక్కువ ప్రయోజనం ఇస్తాయని నా నమ్మకం.

ఇక ఫిల్మ్ దగ్గరకు వద్దాం. పౌచ్ ఎంత మందంగా ఉందో, చేతికి ఎంత గట్టిగా తగులుతోందో చూసి కొనడం చిన్న వ్యాపారుల్లో సాధారణంగా కనిపించే పద్ధతి. తేమకు సంబంధించినంతవరకు మందం కంటే ఫిల్మ్ దేనితో తయారైందన్నదే ముఖ్యం. ఒక చదరపు మీటరు ఫిల్మ్ గుండా ఒక రోజులో ఎన్ని గ్రాముల నీటి ఆవిరి దాటుతుందో కొలిచి చెప్పే అంకె ఒకటి ఉంది. దాన్ని మామూలుగా 38 డిగ్రీల వేడి, 90 శాతం తేమ దగ్గర కొలుస్తారు. 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పాలిస్టర్ ఫిల్మ్ చాలా దృఢమైనది, మెరుపు ఉన్నది, అచ్చు కూడా దానిమీద బాగా పడుతుంది, అయినా ఒంటరిగా అది రోజుకు 40 గ్రాములకు పైగా ఆవిరిని వదిలేస్తుంది. దానికి 50 మైక్రాన్ల పాలిథిన్ అతికిస్తే సుమారు ఆరు ఏడు గ్రాములకు దిగుతుంది. పాలిస్టర్ మీద అల్యూమినియం ఆవిరి పూత పూసిన మెటలైజ్డ్ ఫిల్మ్‌ను పాలిథిన్‌తో కలిపి వాడితే ఒక గ్రాము దరిదాపులకు వస్తుంది. పాలిస్టర్‌కూ పాలిథిన్‌కూ నడుమ 9 మైక్రాన్ల అసలైన అల్యూమినియం రేకు ఉన్న మూడు పొరల ఫిల్మ్‌లో, రేకు మడతల దగ్గర చిట్లకుండా ఉన్నంతవరకు, అది దాదాపు సున్నా. మెటలైజ్డ్ ఫిల్మ్, రేకు ఫిల్మ్ కంటికి ఒకేలా వెండిరంగులో కనిపిస్తాయి కాబట్టి చూసి మోసపోయే అవకాశం ఉంది. కొంచెం చింపి, బలమైన వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మెటలైజ్డ్ ఫిల్మ్ గుండా బల్బు మసకగా కనిపిస్తుంది, రేకు గుండా ఏమీ కనిపించదు.

ఈ అంకెలను మీ పౌచ్‌కు వర్తింపజేస్తే సంగతి స్పష్టమవుతుంది. వంద గ్రాములు పట్టే 12 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పౌచ్‌కు రెండు వైపులా కలిపి 384 చదరపు సెంటీమీటర్ల ఫిల్మ్ ఉంటుంది. కిటికీ ఉన్న మీ పౌచ్‌లో కాగితం తేమను ఆపదు, లోపలి పలుచని ప్లాస్టిక్ పొరే ఆపాలి. అది చదరపు మీటరుకు రోజుకు ఆరు గ్రాముల ఆవిరిని వదిలే రకం అనుకుంటే ఆ పరీక్ష పరిస్థితుల్లో రోజుకు 0.23 గ్రాములు, నెలకు దాదాపు ఏడు గ్రాముల నీరు లోపలికి చేరుతుంది. విశాఖ ఆగస్టులో వేడి, తేమ పరీక్ష గదిలో ఉన్నంత తీవ్రంగా ఉండవు కనుక అందులో సగమే వచ్చిందనుకున్నా, రెండు మూడు శాతం నీటితో బయల్దేరిన బిళ్ళలకు నెల రోజుల్లో మరో మూడున్నర శాతం చేరినట్లే. దుకాణాల నుంచి సరుకు వెనక్కి రావడానికి ఇది చాలు. అదే కొలత పౌచ్‌ను మెటలైజ్డ్ పాలిస్టర్, పాలిథిన్‌తో చేయిస్తే, ఈ సగం లెక్కనే మూడు నెలలకు 1.7 గ్రాములు చేరుతుంది. రేకు ఉన్న మూడు పొరల ఫిల్మ్‌తో చేయిస్తే ఆరు నెలలైనా అర గ్రాము దాటదు.

పది గ్రాముల ప్యాకెట్ విషయంలో చాలామంది గమనించని చిక్కు ఇక్కడే ఉంది. ఆరు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది సెంటీమీటర్ల పొడవు ఉన్న చిన్న ప్యాకెట్‌కు రెండు వైపులా కలిపి 96 చదరపు సెంటీమీటర్ల ఫిల్మ్ కావాలి. సరుకు పదోవంతుకు తగ్గింది గాని ఫిల్మ్ నాలుగోవంతుకే తగ్గింది. అంటే ఒక్కో గ్రాము బిళ్ళ మీదకు తేమ వచ్చే దారి రెండున్నర రెట్లు పెరిగింది. వంద గ్రాముల పౌచ్‌లో మూడు నెలలు నిలిచే మెటలైజ్డ్ ఫిల్మ్ ఈ చిన్న ప్యాకెట్‌లో అదే కాలానికి నాలుగు శాతానికి మించి తేమను చేరుస్తుంది. పైగా చిన్న ప్యాకెట్లు దుకాణంలో గుమ్మానికి దండలుగా వేలాడతాయి, వాన జల్లు, ఎండ నేరుగా తగిలేది వాటికే. చిన్న ప్యాకెట్ చవక సరుకు కాబట్టి చవక ఫిల్మ్ సరిపోతుందన్న ఆలోచన ఇందుకే తప్పు. ప్యాకెట్ చిన్నదయ్యే కొద్దీ ఫిల్మ్ మెరుగుపడాలి. ఐదు రూపాయల ధరలో రేకు ఉన్న ఫిల్మ్ ఖర్చు గిట్టుబాటు కాకపోతే ఆ ప్యాకెట్‌ను నవంబరు నుంచి మే వరకే వేసి, వానాకాలంలో ఆపేయడం మేలు.

దీనికన్నా నాకు బాగా నచ్చే ఏర్పాటు మరొకటుంది. కిరాణా దుకాణంలో సీసాలో ఉండే పెద్ద కంపెనీల బిళ్ళలను గమనించండి. ఒక్కో బిళ్ళకు ఒక చిన్న చుట్టు ఉంటుంది, అవన్నీ కలిపి ఒక పెద్ద సంచిలో దుకాణానికి వస్తాయి. చిన్న చుట్టు పని బిళ్ళలు ఒకదానికొకటి అంటకుండా, చేతులు తగలకుండా చూడటం, తేమను ఆపే భారం పెద్ద సంచిది. రెండు చివరలూ మెలితిప్పిన చుట్టు నుంచి తేమకు అడ్డంకిని ఆశించకూడదు, అందులో సీలే లేదు. అయితే ఆ చుట్టు ఉన్నందువల్ల మే నెలలో లారీలో వేడెక్కి బిళ్ళలు కాస్త మెత్తబడినా ముద్ద కావు. వేడిని ఏ ఫిల్మూ ఆపదు కనుక ఇది చిన్న లాభం కాదు. మెలితిప్పడానికి సెల్లోఫేన్, లేదా ఆ పనికోసమే చేసిన పాలిస్టర్ ఫిల్మ్, లేదా మైనం పూసిన కాగితం వాడాలి. మామూలు పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌ను మెలితిప్పితే వదలగానే తిరిగి విప్పుకుంటుంది. ఇద్దరే చేతులతో చేసే పని కాబట్టి మైనం కాగితంతో మొదలుపెట్టండి. అలా చుట్టిన బిళ్ళలను మెటలైజ్డ్ లేదా రేకు ఉన్న పౌచ్‌లో వంద గ్రాముల చొప్పున నింపి సీలు వేయండి. దుకాణంలో విడిగా అమ్ముకునేవారికి అదే బిళ్ళలను అరకిలో రేకు సంచిలో వేసి, మూత బిగుతుగా పట్టే సీసాతో పాటు ఇవ్వండి. అలా ఇస్తే మీకు ఐదు రూపాయల బేరమూ దొరుకుతుంది, పది గ్రాముల ప్యాకెట్ బెడదా తప్పుతుంది.

ఏ ఫిల్మ్ కొన్నా అమ్మినవారి మాట మీదే ఆధారపడకుండా ఇంట్లో ఒక పరీక్ష చేయండి. మూత గట్టిగా పట్టే పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగున ఒక గిన్నెలో మామూలు ఉప్పు పోసి, ఉప్పు మొత్తం కరగకుండా ముద్దగా ఉండేటంత నీరు కలపండి. అలాంటి ఉప్పు ముద్ద మూసిన డబ్బాలోని గాలిని 75 శాతం తేమ దగ్గర నిలకడగా ఉంచుతుంది, మన గది వేడి కొద్దిగా అటూ ఇటూ అయినా అది పెద్దగా మారదు. ఫిబ్రవరిలో కూడా మీకు వానాకాలం ఆ డబ్బాలో దొరుకుతుంది. ముందుగా గ్రాములో వందో వంతు చూపే తక్కెడ మీద పది విడి బిళ్ళలను తూచి, గిన్నెకు తగలకుండా ఒక జాలీ మీద పెట్టి, కొన్ని గంటలకు ఒకసారి తీసి తూచండి. బిళ్ళలు వేలికి అంటుకునే క్షణంలో బరువు ఎంత పెరిగిందో అదే మీ సరుకు తట్టుకునే హద్దు. ఆ తర్వాత నింపి సీలు వేసిన పౌచ్‌లను అదే డబ్బాలో పెట్టి వారానికి ఒకసారి తూచండి. వంద గ్రాముల బిళ్ళలకు హద్దు రెండు గ్రాములని తేలి, పౌచ్ బరువు రోజుకు 0.02 గ్రాములు పెరుగుతోందనుకుంటే వంద రోజులు నిలుస్తుందన్నమాట. రెండు రకాల ఫిల్మ్‌లతో, జిప్ ఉన్నవి లేనివి కలిపి ఒకేసారి పెట్టండి. నెల తిరగకముందే ఏది కొనాలో మీకే తెలుస్తుంది, నిల్వ గడువు ఎంత వేయాలో కూడా ఊహతో కాకుండా లెక్కతో వేయగలుగుతారు. పెద్ద ఆర్డరుకు ముందు ప్రయోగశాల నివేదిక కావాలంటే 1966లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లో కేంద్రం ఉంది, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)లో ఆహార ప్యాకేజింగ్‌కు ప్రత్యేక విభాగమే ఉంది.

పరీక్షలో మంచి ఫిల్మ్ కూడా విఫలమైతే తప్పు సాధారణంగా సీలుదే. సీలు నిలవాలంటే వేడి, ఒత్తిడి, నొక్కి ఉంచే సమయం మూడూ కుదరాలి. సీలు పడే చోట చక్కెర పొడి అంటుకుని ఉంటే మూడూ కుదిరినా సన్నని దారులు మిగిలిపోతాయి. నింపేటప్పుడు పౌచ్ మూతి లోపలికి వెడల్పు నోటి గరాటు దించి బిళ్ళలను దాని గుండా పోయండి, సీలు కనీసం ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు వేయండి, గంటకోసారి ఒక పౌచ్‌ను నీళ్ళలో ముంచి మెల్లగా నొక్కి బుడగలు వస్తున్నాయేమో చూడండి. సీలును రెండు చేతులతో విడదీయబోతే సీలు ఊడిరాకుండా పక్కన ఫిల్మ్ సాగడమో చిరగడమో జరిగితే అది సరైన సీలు. బిళ్ళ అంచులు పదునుగా ఉంటే రేకుకు సన్నని చిల్లులు పడతాయి, అచ్చుల మూలలు గుండ్రంగా ఉండేలా చూసుకోండి.

జిప్ గురించి అడిగారు. జిప్ తేమను ఆపదు, ఒకసారి తెరిచిన పౌచ్‌ను మళ్ళీ మూసుకోవడానికి ఒక సౌకర్యం మాత్రమే. విడి చుట్టు ఉన్న బిళ్ళలకు ఆ సౌకర్యం కొంత పనికొస్తుంది కాబట్టి వంద గ్రాముల పౌచ్‌లో ఉంచుకోవచ్చు. అయితే జిప్‌కు పైన పూర్తి వెడల్పు వేడి సీలు తప్పనిసరిగా ఉండాలి. ప్యాకెట్‌ను ఎవరూ మధ్యలో తెరవలేదని కొనేవారికి హామీ ఇచ్చేది కూడా ఆ సీలే. కిటికీ మాత్రం తీసేయండి. సరుకు కనిపిస్తే అమ్ముడవుతుందన్నది నిజమే గాని, కిటికీ మేరకు ఫిల్మ్ మళ్ళీ ఆరు గ్రాముల రకమే అవుతుంది. అల్లం వాసన నిలపడంలో కూడా రేకు, పాలిస్టర్ పొరలే పనిచేస్తాయి, వట్టి పాలిథిన్ గుండా ఘాటు మెల్లగా బయటకు పోతుంది.

బ్లిస్టర్ సలహాను మీరు ఒప్పుకోవద్దని గట్టిగా కోరుతున్నాను. సాంకేతికంగా చూసినా అందులో మీకు లాభం లేదు. మందు బిళ్ళల బ్లిస్టర్‌లో సాధారణంగా 250 మైక్రాన్ల పీవీసీ ప్లాస్టిక్‌ను వేడిచేసి గుంటలు చేసి, వెనక 20 నుంచి 25 మైక్రాన్ల అల్యూమినియం రేకు అతికిస్తారు. వెనక వైపు రేకు తేమను ఆపినా ముందు వైపు పీవీసీ రోజుకు మూడు గ్రాముల దాకా వదులుతుంది. తేమకు చెడిపోయే మందులకు ఔషధ కంపెనీలు పీవీసీ మీద పీవీడీసీ అనే మరో పొర పూయడమో, రెండు వైపులా రేకే వాడటమో అందుకే చేస్తాయి. అంటే మీరు ఎక్కువ ఖర్చుపెట్టి మెటలైజ్డ్ పౌచ్ కంటే బలహీనమైన రక్షణ కొంటారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. బ్లిస్టర్ గుంటను నొక్కితే తీపి బిళ్ళ వస్తుందని మూడేళ్ళ పాపకు ఒకసారి తెలిస్తే, అమ్మమ్మ దిండు పక్కన ఉన్న బీపీ మాత్రల పట్టీ కూడా ఆ పాపకు తీపి బిళ్ళల పట్టీయే. పిల్లలకు మందును చాక్లెట్ అని చెప్పి ఇవ్వకూడదని వైద్యులు హెచ్చరించేది ఈ ప్రమాదం గురించే. చాక్లెట్‌ను మందులా చుట్టి ఇవ్వడం అదే ప్రమాదాన్ని ఎదురు వైపు నుంచి తెస్తుంది. ఇంత చిన్న వ్యాపారం వల్ల ఏమవుతుందని అనుకోవద్దు, ఆ పట్టీ ఇంట్లోకి వెళ్ళేది ఒక్కొక్కటిగానే. చట్టం కూడా దీనికి అడ్డు వస్తుంది. ఆహార పదార్థం రోగాన్ని నయం చేస్తుందనో, రాకుండా ఆపుతుందనో ప్రకటించడాన్ని కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనలు నిషేధించాయి. దగ్గు బిళ్ళలుగా అమ్మాలంటే ఆయుర్వేద ఔషధాల తయారీ లైసెన్సు తీసుకుని ఆ నియమాలన్నీ పాటించాలి. అల్లం బెల్లం బిళ్ళ అన్న పేరులోనే కొనేవారికి కావలసినదంతా ఉంది. అది గట్టి బిళ్ళ కనుక గొంతులో అడ్డుపడే ప్రమాదముందనీ, ఐదేళ్ళలోపు పిల్లలకు ఇవ్వవద్దనీ ఒక వాక్యం మాత్రం కనిపించే అక్షరాల్లో వేయండి.

పౌచ్ ఎలా తెరుచుకుంటుందో కూడా ముందే ఆలోచించాలి. మీ బిళ్ళలు కొనేవారిలో పెద్దవయసువారు ఎక్కువగా ఉంటారని అనుకుంటున్నాను. పాలిథిన్ పొర ఉన్న ఫిల్మ్ గాటు లేకపోతే సాగుతుంది గాని చిరగదు, పళ్ళతో కొరకాల్సి వస్తుంది. సీలు అంచులో రెండు వైపులా చిన్న గాటు పెట్టించి, చింపవలసిన చోటు రంగుతో చూపించండి. చిన్న ప్యాకెట్లు వేసినట్లయితే, చింపిన ముక్క పూర్తిగా ఊడిపోకుండా ఒక పక్క అతుక్కునే ఉండేలా ఒక వైపే గాటు పెట్టించండి. గోరంత ముక్కలను కాలువల్లోంచి ఎవరూ ఏరలేరు. రేకు, పాలిస్టర్, పాలిథిన్ కలిపిన ఫిల్మ్‌ను తిరిగి వాడుకునేలా విడదీయడం చాలా కష్టం. అందువల్ల మీ పరీక్షలో నిలిస్తే, అన్ని పొరలూ పాలీప్రొపిలీన్‌వే అయి, మధ్య పొరకు మెటలైజ్డ్ పూత ఉన్న ఫిల్మ్‌ను ఎంచుకోమంటాను. అది తేమను మెటలైజ్డ్ పాలిస్టర్‌తో సమానంగా, తరచుగా అంతకన్నా బాగా ఆపుతుంది, మళ్ళీ కరిగించి వాడుకోవడమూ సులభం. పండుగలకు బహుమతి పెట్టెలు చేసే ఆలోచన ఉంటే, మిఠాయి పెట్టెల మీద చుట్టే పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్, బిళ్ళలకు గుచ్చే ప్లాస్టిక్ పుల్ల రెండూ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధమని గుర్తుంచుకోండి.

అచ్చు విషయానికి వస్తే, మొదటి సంవత్సరం అచ్చులేని వెండిరంగు పౌచ్‌లు కొని, మీ పేరుతో మంచి స్టిక్కర్ వేసుకోండి. సిలిండర్ ఒక్కో రంగుకు ఒకటి చొప్పున చేయించాలి, పైగా ఒకసారి చెక్కాక ఒక్క అక్షరం మార్చాలన్నా కొత్తది కావాలి. పాకం, కొలత, గడువు తేదీ ఇంకా మారబోతున్న సమయంలో ఆ డబ్బు పెట్టడం తొందరపాటు. స్టిక్కర్ మీద తెలుగు ఎంత అందంగా ఉన్నా తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండి తీరాలి, తెలుగు దానికి అదనం. పదార్థాలు బరువు తగ్గే వరుసలో, పోషకాల పట్టిక, నికర బరువు, ధర, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ, మీ చిరునామా, శాకాహారానికి పచ్చ గుర్తు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య, ఇవన్నీ అందులో పట్టాలి. వంద చదరపు సెంటీమీటర్లకు మించని చిన్న ప్యాకెట్ మీద పదార్థాల జాబితా, బ్యాచ్ సంఖ్య, పోషకాల పట్టిక వంటివి వేయకుండా వాటిని కలిపి ఉంచే పెద్ద సంచి మీద వేసే వెసులుబాటు ఉంది గాని, గడువు తేదీకి ఆ వెసులుబాటు లేదు.

మున్ముందు అచ్చు వేయించే రోజు వచ్చినప్పుడు డిజైన్ చేసేవారికి ఖాళీ పౌచ్‌ను ఇవ్వకండి, బిళ్ళలు నింపి సీలు వేసిన పౌచ్‌ను ఇవ్వండి. నిండిన పౌచ్ ఉబ్బి పక్కలు వెనక్కి తిరుగుతాయి కాబట్టి కంప్యూటర్ తెర మీద అంచుల దాకా కనిపించిన అక్షరాలు దుకాణంలో కనిపించవు. పైనా కిందా సీలు గీతలు పడే చోట, వెనక నిలువు అతుకు పడే చోట చదవవలసినది ఏదీ ఉండకూడదు. అక్షరాలు బయటి పొరకు లోపలి వైపున పడి, రెండు పొరల మధ్య చిక్కుకుని ఉండాలి. అప్పుడు సిరా తినే వస్తువుకు తగలదు, వేళ్ళకు రాలదు. టోలుయీన్ అనే ద్రావకం లేని సిరా వాడినట్లు రాతపూర్వకంగా అడగండి. అచ్చువేసిన ఫిల్మ్ రోల్ వచ్చిన రోజున కొన్ని ముక్కలు కత్తిరించి గాజుసీసాలో మూతపెట్టి ఒక రాత్రి వెచ్చని చోట ఉంచి, తెల్లారి మూత తీసి వాసన చూడండి. రంగుల ద్రావకం వాసన కొడితే ఆ రోల్‌ను వెనక్కి పంపండి. అల్లం ఘాటు దాన్ని కప్పేస్తుందని ఎవరైనా నచ్చజెప్పబోయినా ఒప్పుకోకండి.